ఆలస్యానికి ఇంగ్లీషు వేషాలు

ఒక గాయని గురించి ఇంగ్లీషులో రెండు వాక్యాలు. 'షీ డిడ్‌ంట్ సింగ్ ఫర్ లాంగ్.' 'షీ డిడ్‌ంట్ సింగ్ ఫర్ ఎ లాంగ్ టైమ్.' చూడ్డానికి రెండోది మొదటిదాన్నే కాస్త సాగదీసినట్టు ఉంటుంది. అర్థాలు మాత్రం ఎడమొహం పెడమొహం. మొదటి గాయని పాడింది, కాకపోతే కొద్దికాలమే. రెండో గాయని ఏళ్లపాటు పాట జోలికే పోలేదు. మైకేల్ స్వాన్ 1980లో తెచ్చిన 'ప్రాక్టికల్ ఇంగ్లిష్ యూసేజ్' లాంటి పుస్తకాలు ఈ తేడాను పనిగట్టుకుని చెప్తాయి. మన గైడ్లకు 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' మీద ఉన్న మోజు 'లాంగ్' మీద ఉండదు.

ఏదైనా పనికి చాలా కాలం పట్టిందనో, పడుతోందనో, పట్టేలా ఉందనో చెప్పడానికి ఇంగ్లీషులో ఉన్న సరంజామా పెద్దది. కొంత వ్యాకరణంలో ఉంది, కొంత జాతీయాల్లో ఉంది, కొంత ఆఫీసు కాగితాల్లో దాక్కుని ఉంది. మొత్తం కలయజూస్తే నాకు తోచేది ఇది: మనం కష్టపడి బట్టీ పట్టే భాగంతో పెద్దగా పని పడదు. నిజంగా తడబడే భాగానికి కావలసిన తేడాలు తెలుగులో ముందే ఉన్నాయి, వాటిని ఎవరూ వాడుకోవడం లేదు.

ముందు 'టేక్' సంగతి. కాలం గురించి మాట్లాడేటప్పుడు ఇంగ్లీషు ఈ క్రియ లేకుండా అడుగు వేయలేదు. కానీ ఇది పాత ఇంగ్లీషు సొత్తు కాదు. వైకింగులు మాట్లాడిన నార్స్ భాషలోని 'టాకా' నుంచి వచ్చి, అంతకుముందు అదే పని చేస్తున్న 'నిమన్' అనే క్రియను గెంటేసింది. నిమన్ ఆనవాలు 'నంబ్' అనే మాటలో మిగిలింది. తిమ్మిరి పట్టిన చెయ్యి అంటే ఏదో వచ్చి పట్టేసుకున్న చెయ్యి అన్నమాట. తెలుగులోనూ తిమ్మిరి పడుతుంది, జ్వరం పట్టుకుంటుంది, ప్రయాణానికి ఆరు గంటలు పడుతుంది. చేత్తో ఒడిసిపట్టే క్రియనే రెండు భాషలూ కాలానికి వాడుకున్నాయి. అందుకే 'ఇట్ టేక్స్ సిక్స్ అవర్స్' మన పిల్లల నోట ఇట్టే పలుకుతుంది.

ఇక్కడొక చిన్న మెలిక ఉంది. ఉత్తరం రాయడానికి 'ఇట్ టుక్ హిమ్ టూ అవర్స్' అంటే పని అంతటిది, ఆయనకు అంతసేపు పట్టింది. 'హీ టుక్ టూ అవర్స్' అన్నప్పుడు రెండు గంటలూ ఆయన ఖాతాలో పడతాయి. ఇదేమీ ఇనప నియమం కాదు, రెండో వాక్యంలో ప్రతిసారీ నింద ఉంటుందనీ కాదు. అయినా మనిషిని కర్తను చేసేసరికి 'ఇంతసేపు ఏం చేశాడు?' అనే ప్రశ్న దానంతటదే తోకలా వస్తుంది. 'ఆయనకు రెండు గంటలు పట్టింది' అనడానికీ 'ఆయన రెండు గంటలు తీసుకున్నాడు' అనడానికీ మధ్య మనం వినే తేడా కూడా అదే.

పట్టడం కాకుండా ఖర్చుపెట్టడం ఇంకో దారి. స్పెండ్, సేవ్, వేస్ట్, లూజ్, ఇన్వెస్ట్: డబ్బుకు వాడే క్రియలన్నీ ఇంగ్లీషు కాలానికి తొడిగింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1748లో ఒక కుర్ర వ్యాపారికి సలహా ఇస్తూ కాలాన్ని సొమ్ముతో సమానం చేశాడు. 1980లో జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ 'మెటఫర్స్ వీ లివ్ బై'లో ఈ పోలిక ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల ఆలోచనలో ఎంత లోతుకు దిగిందో చూపించారు. 'దట్ మిస్టేక్ కాస్ట్ మీ ఎ ఇయర్' అనేవాడికి తాను అలంకారం వాడుతున్నట్టు స్పృహ కూడా ఉండదు.

గడియారం రాకముందు సంగతి వేరు. చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ 1967లో 'పాస్ట్ అండ్ ప్రెజెంట్' పత్రికలో, ఫ్యాక్టరీల కాలం మనిషి రోజును ఎలా మార్చిందో వివరిస్తూ పెద్ద వ్యాసం రాశాడు. అందులో కాలాన్ని పనులతో కొలిచిన మాటలు బోలెడు పోగుచేశాడు. మధ్యయుగపు ఇంగ్లీషులో 'పాటర్‌నోస్టర్ వైల్' అంటే ప్రభువు ప్రార్థన ఒకసారి చదివేంత సేపు. 'పిస్సింగ్ వైల్' అంటే ఒంటికి పోయి వచ్చేంత సేపు. చిలీలో 1647 నాటి భూకంపం ఎంతసేపు వచ్చిందో చెప్పడానికి, విశ్వాస ప్రమాణాన్ని రెండుసార్లు చదివేంత సేపు అన్నారు. మడగాస్కర్‌లో అరగంటకు కొలత అన్నం ఉడకడం, క్షణానికి కొలత మిడత వేగడం. ఆ 'వైల్' ఇప్పటికీ బతికే ఉంది. 'ఇట్స్ బీన్ ఎ వైల్' అన్నప్పుడు అది రెండు నెలలా, ఇరవై ఏళ్లా అన్నది మాటలో లేదు. మాట్లాడుకునే ఇద్దరికీ మధ్య ఉంది. ఏ హంగూ ఆర్భాటమూ లేని ఈ చిన్న మాటను మన పిల్లలు దాదాపు వాడరు. ఇంగ్లీషువాళ్లు రోజూ వాడతారు.

ఇప్పుడు అసలు చిక్కు, 'లాంగ్' దగ్గరికి వద్దాం. 'ఇట్ వోంట్ టేక్ లాంగ్' బాగుంటుంది. 'విల్ ఇట్ టేక్ లాంగ్?' కూడా బాగుంటుంది. 'ఇట్ విల్ టేక్ లాంగ్' అనగానే ఇంగ్లీషు చెవికి ఎక్కడో రాయి తగులుతుంది. మామూలు నిశ్చయార్థక వాక్యంలో 'ఎ లాంగ్ టైమ్' రావాలి. ఒంటరి 'లాంగ్' ప్రశ్నల్లోనూ వ్యతిరేక వాక్యాల్లోనూ కుదురుకుంటుంది. 'టూ', 'సో', 'యాజ్' లాంటి తోడు దొరికితే నిశ్చయార్థకంలోకీ వస్తుంది: 'ఇట్ టుక్ టూ లాంగ్'. 'ఎనీ' అనే మాటకు ఉన్నలాంటి స్వభావమే దీనిదీ. క్రియకు ముందు నిలబెడితే మళ్లీ ఇంకో రకం: 'ఐ హావ్ లాంగ్ సస్పెక్టెడ్' అన్నది శుద్ధమైన ఇంగ్లీషే, కాస్త రాతభాష వాసన వేస్తుంది.

ఇదంతా నేర్చుకోవడం కష్టమని అనిపిస్తే తెలుగు వైపు ఒకసారి చూడండి. 'ఎక్కువసేపు పట్టదు' అంటాం. 'చాలాసేపు పట్టదు' అనం. 'ఎక్కువసేపు పడుతుందా?' అని అడుగుతాం. పట్టిన తర్వాత 'చాలాసేపు పట్టింది' అంటాం. 'ఎక్కువసేపు పట్టింది' అంటే అనుకున్నదానికన్నా మించిపోయిందని అర్థం వస్తుంది. మొదట చెప్పిన గాయనినే తీసుకోండి: 'ఆవిడ ఎక్కువకాలం పాడలేదు', 'ఆవిడ చాలాకాలం పాడలేదు'. ఇంగ్లీషువాళ్లు 'ఫర్ లాంగ్', 'ఫర్ ఎ లాంగ్ టైమ్' అంటూ చూపే తేడాను తెలుగు 'ఎక్కువ', 'చాలా' అనే రెండు మాటలతో ఎప్పటినుంచో చూపిస్తోంది. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా ఇందులో పొరపడదు. 'ఎక్కువ' ఉన్నచోట 'లాంగ్', 'చాలా' ఉన్నచోట 'ఎ లాంగ్ టైమ్' అని చెప్తే ఏడో తరగతి పిల్లవాడికి అయిదు నిమిషాల్లో ఒంటబడుతుంది. ఈ పోలిక నేను చదివిన ఏ తెలుగు మీడియం గైడులోనూ కనబడలేదు.

లాంగ్‌కు చుట్టాలు చాలామంది, ఒక్కరూ మాట వినరు. 'బిఫోర్ లాంగ్' అంటే త్వరలో. 'సో లాంగ్' అంటే వెళ్లొస్తా. 'యాజ్ లాంగ్ యాజ్' కాలం నుంచి జారి షరతుగా మారింది. 'ఐ వోంట్ బీ లాంగ్' అని ఎవరైనా అంటే ఇప్పుడే వస్తానని. వాళ్ల ఎత్తుతో దీనికి సంబంధం లేదు. చరిత్ర పుస్తకాల్లో 1640లో కొలువుదీరి 1660 దాకా పేరుకైనా బతికిన ఇంగ్లండ్ 'లాంగ్ పార్లమెంట్' ఉంది. చరిత్రకారుడు ఎరిక్ హాబ్స్‌బామ్ పేరుతో స్థిరపడిన 'లాంగ్ నైన్‌టీన్త్ సెంచరీ' 1789లో మొదలై 1914లో ముగుస్తుంది, అంటే నూరేళ్ల శతాబ్దానికి మరో పాతికేళ్లు కలిపారు. ఇటీవలి సంతానం 'లాంగ్ కోవిడ్'. వ్యాధి తగ్గిందని పరీక్షలు చెప్తున్నా నీరసం, ఆయాసం వదలని రోగుల్లో ఒకరైన ఎలీసా పెరెగో 2020 మే నెలలో ట్విటర్‌లో ఈ పేరు వాడింది. కొన్ని నెలల్లో డాక్టర్లూ ప్రభుత్వాలూ అదే మాట ఎత్తుకున్నారు. వైద్య పరిభాషలో 'క్రానిక్' అనే గ్రీకు మాట సిద్ధంగా ఉండగా, రోగులు పెట్టుకున్న నాలుగు ఇంగ్లీషక్షరాల 'లాంగ్' నెగ్గింది. 'క్రానిక్' వ్యాధికి పేరు పెడుతుంది, 'లాంగ్' భరించేవాడి గోడు చెప్తుంది. ఇందులో నా ఓటు రోగులకే.

కాలాన్ని పొడవుగా చూడటం అన్ని భాషలకూ అలవాటు కాదు. డేనియల్ కసాసాంటో, తోటి పరిశోధకులు 2004లో నాలుగు భాషలను పోల్చారు. ఇంగ్లీషు, ఇండొనేషియన్ కాలాన్ని దూరంగా కొలుస్తాయి. గ్రీకు, స్పానిష్ రాశిగా కొలుస్తాయి, 'పొడుగు కాలం' అనకుండా 'బోలెడు కాలం' అంటాయి. తెర మీద గీత సాగుతుంటే ఇంగ్లీషువాళ్ల కాలపు అంచనా తప్పింది. పాత్ర నిండుతుంటే గ్రీకువాళ్ల అంచనా తప్పింది. 2017లో ఇమాన్యుయెల్ బైలుండ్, పనోస్ అథనసోపోలస్ స్వీడిష్, స్పానిష్ రెండూ వచ్చినవాళ్లను పరీక్షిస్తే, ప్రశ్న ఏ భాషలో అడిగితే ఆ భాష తీరునే పొరబడ్డారు. మాట రూపంలో సూచన ఇవ్వనప్పుడు ఆ ప్రభావం కనబడలేదు. కాబట్టి భాష మన బుర్రను బంధించిందని ఎగిరి గంతేయాల్సిన పనిలేదు. తెలుగు ఎటువైపు? వాడుకలో గ్రీకు పక్షమే: చాలాసేపు, బోలెడంత టైము, ఎంతో కాలం. పొడవు కావాలంటే సంస్కృతం తలుపు తట్టాలి: దీర్ఘకాలం, సుదీర్ఘ విచారణ. పత్రికల్లో 'సుదీర్ఘ' కనిపించినంతగా ఇళ్లల్లో వినబడకపోవడానికి కారణం ఇదే కావచ్చు.

వ్యవధి ముందు 'ఫర్' పెట్టాలా, 'ఇన్' పెట్టాలా అనే తగవును 1957లో తత్త్వవేత్త జెనో వెండ్లర్ తేల్చాడు. 'ఫిలసాఫికల్ రివ్యూ'లో అచ్చయిన 'వెర్బ్స్ అండ్ టైమ్స్' అనే వ్యాసంలో క్రియలను నాలుగు జాతులుగా విడదీశాడు. నడవడం, ఈదడం లాంటివాటికి తమదంటూ ముగింపు లేదు, వాటికి 'ఫర్ యాన్ అవర్' సరిపోతుంది. బొమ్మ గీయడం, ఇల్లు కట్టడం లాంటివి పూర్తయ్యే పనులు, వాటికి 'ఇన్ యాన్ అవర్', 'ఇట్ టుక్ యాన్ అవర్' కుదురుతాయి. తెలిసి ఉండడం, ప్రేమించడం లాంటి స్థితులు మూడో రకం, శిఖరం చేరడం లాంటి రెప్పపాటు ఘటనలు నాలుగో రకం. భాషాశాస్త్రంలో ఆ తర్వాత వచ్చిన పెద్ద చర్చకు ఇదే పునాది. మన చెవికి ఇందులో కొత్తేమీ లేదు. 'గంటసేపు చదివాను' అంటే పుస్తకం అయిందో లేదో తెలియదు. 'గంటలో చదివేశాను' అంటే అయిపోయింది, పైగా 'వేశాను' అని ముగింపు ముద్ర కూడా పడింది. రోజులకూ ఏళ్లకూ 'సేపు' చెల్లదు, 'రెండేళ్లపాటు' అనాలి. అంటే తక్కువ వ్యవధికి ఒక మాట, ఎక్కువ వ్యవధికి ఇంకో మాట కూడా ఉన్నాయి మనకు. ఇంగ్లీషుకు అన్నిటికీ ఒక్క 'ఫర్' దిక్కు.

ఇక 'సిన్స్ టూ ఇయర్స్'. భారతీయ ఇంగ్లీషు మీద వేళాకోళం చేసేవాళ్లకు ఇది ఇష్టమైన ఆయుధం. 'ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్' అన్నవాడు రెండు చోట్ల ఇంగ్లీషు గీత దాటాడు. వ్యవధికి 'ఫర్' వాడాల్సిన చోట 'సిన్స్' వాడాడు, 'హావ్ బీన్ లివింగ్' అనాల్సిన చోట వర్తమానం వాడాడు. కానీ ఈ రెండో విషయంలో వింతగా ప్రవర్తించేది ఇంగ్లీషే. జర్మన్‌లో, ఫ్రెంచిలో ఇలాంటి చోట మనలాగే వర్తమానం వస్తుంది. గతంలో మొదలై ఇంకా సాగుతున్నదాన్ని వాళ్లు ఇప్పటి సంగతిగానే చూస్తారు. ఐర్లండ్‌లో ఇంగ్లీషే మాతృభాష అయినవాళ్లు కూడా ఎన్నో ఏళ్లుగా ఇక్కడున్నానని చెప్పడానికి వర్తమానం వాడతారు, అది వాళ్ల పాత ఐరిష్ భాష వదిలిన జాడ. కాబట్టి మన పిల్లవాడు తప్పు రాసినప్పుడు అది తెలివితక్కువతనం కాదని టీచరు గుర్తిస్తే సగం పని అయినట్టే.

మిగతా సగానికి మళ్లీ తెలుగే సాయం. 'రెండేళ్ల నుంచి', '2022 నుంచి' అని రెండింటికీ 'నుంచి' వాడతాం, పొరపాటు పుట్టేది అక్కడ. అయితే తెలుగులో 'గా' కూడా ఉంది. 'రెండేళ్లుగా' అనవచ్చు, 'నెలలుగా' అనవచ్చు. '2022గా' అనలేం, 'సోమవారంగా' అనలేం. 'గా' అతికితే అది వ్యవధి, 'ఫర్' పెట్టండి. అతకకపోతే అది మొదలైన చోటు, 'సిన్స్' పెట్టండి. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణ పుస్తకం తిరగేసి నియమం వెతుక్కోవడం కన్నా ఇది తేలిక. క్రియారూపానికి మాత్రం ఇలాంటి అడ్డదారి లేదు, అది అలవాటు చేసుకోవాల్సిందే.

వ్యాకరణం దాటితే అతిశయోక్తి రాజ్యం. ఇంగ్లీషులో దీనికి అతి చవకైన పద్ధతి అంకె తీసేసి బహువచనం మిగల్చడం. 'ఇట్ టుక్ అవర్స్', 'ఇట్ టుక్ ఇయర్స్'. మన 'గంటల తరబడి', 'ఏళ్ల తరబడి' లాగే. ఎన్ని అని అడిగితే రసభంగం. తర్వాతి మెట్టు 'ఏజెస్', ఆ పైన 'ఫరెవర్'. కాఫీ రావడానికి పది నిమిషాలు పట్టినా 'ఇట్ టుక్ ఫరెవర్' అంటారు. అనంతకాలం కాఫీ కప్పు స్థాయికి దిగిపోయింది. మాటను మళ్లీ మళ్లీ అనడం ఇంకో పద్ధతి: 'ఆన్ అండ్ ఆన్', 'వెయిటెడ్ అండ్ వెయిటెడ్'. మనం 'ఎదురుచూసి చూసి' అనడం లాంటిదే.

అంకె చెప్తూనే విసుగు చూపాలంటే ఇంగ్లీషు 'గుడ్'ను వాడుతుంది. 'ఎ గుడ్ టూ అవర్స్' అంటే మంచి గంటలు కావు, రెండు గంటలకు ఏమాత్రం తగ్గకుండా. 'ది బెస్ట్ పార్ట్ ఆఫ్ యాన్ అవర్' మరీ మోసకారి. గంటలో మేలైన భాగమని తోస్తుంది, నిజానికి గంటలో చాలా భాగం అని అర్థం. క్యూలో నిలబడి 'ది బెస్ట్ పార్ట్ ఆఫ్ ఎ డే' పోగొట్టుకున్న ఇంగ్లీషువాడు ఆ రోజును మెచ్చుకుంటున్నాడని పొరబడకూడదు.

జాతీయాలకు నేను ఎక్కువ చోటివ్వను. 'డాంకీస్ ఇయర్స్' అంటే ఏళ్లూ పూళ్లూ. గాడిద చెవుల పొడవుకూ, చెవులు, ఏళ్లు అనే ఇంగ్లీషు మాటల ధ్వనికీ మధ్య కట్టిన శ్లేష అది. 'మంత్ ఆఫ్ సండేస్' పుట్టింది ఆదివారం ఆటపాటలు నిషిద్ధమైన రోజుల్లో, నెలంతా ఆదివారాలే అయితే ఎంత నత్తనడకన సాగుతుందో అన్న బాధలోంచి. సెలవు కోసం ఆదివారానికి ఎదురుచూసే మన పిల్లలకు ఇది తలకెక్కకపోవడం సహజం. అదే అర్థమున్న 'యాంక్స్' బ్రిటన్‌లో 1960ల నాటి మాట. 'బ్లూ మూన్' అసలు ఈ బాపతు కాదు, అది ఎంత అరుదుగా జరుగుతుందో చెప్తుంది, ఎంతసేపు జరిగిందో చెప్పదు. గైడ్లలో రెండింటినీ ఒకే గాటన కట్టడం పరిపాటి.

ఒక జాతీయం చరిత్ర మాత్రం చెప్పకుండా ఉండలేను. మందకొడితనానికి అమెరికన్ల కొలమానం జనవరి చలిలో కారే మొలాసిస్. మన చెరకు మడ్డి. 1919 జనవరి 15న బోస్టన్ నగరం నార్త్ ఎండ్ పేటలో మొలాసిస్ నిల్వచేసిన పెద్ద ట్యాంకు పగిలింది. ఆ మడ్డి అల గంటకు సుమారు 35 మైళ్ల వేగంతో వీధుల్ని ముంచెత్తి 21 మందిని పొట్టనబెట్టుకుంది. నష్టపరిహారం విచారణ ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగింది. అంటే మొలాసిస్ పరిగెత్తింది, న్యాయం మొలాసిస్‌లా కదిలింది. జాతీయం మాత్రం చెక్కుచెదరలేదు. 'గ్లేషియల్ పేస్' కూడా అంతే. గ్రీన్‌లాండ్‌లోని యాకబ్స్‌హావన్ హిమానీనదం 2012 వేసవిలో రోజుకు 40 మీటర్లకు పైగా కదిలింది. అయినా కమిటీ నివేదికలను ఇంగ్లీషు పత్రికలు హిమానీనదంతోనే పోలుస్తున్నాయి.

ఆఫీసు ఇంగ్లీషు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ అతిశయోక్తి ఉండదు. ఎంత ఆలస్యమైనా గొంతు పెరగదు, అన్నిటికీ మించి కర్త కనబడడు. 'ది మ్యాటర్ ఈజ్ అండర్ కన్సిడరేషన్.' ఎవరు పరిశీలిస్తున్నారు? 'ఇన్ డ్యూ కోర్స్.' ఎప్పుడు? 'డిలే ఈజ్ రిగ్రెటెడ్.' చింతిస్తున్నది ఎవరు? 1980లో బీబీసీలో మొదలైన 'యెస్ మినిస్టర్' సీరియల్ ఈ పదజాలం మీద బతికింది. 'అండర్ కన్సిడరేషన్' అంటే ఫైలు పోయిందని, 'అండర్ యాక్టివ్ కన్సిడరేషన్' అంటే వెతుకుతున్నామని అందులో ఒక చమత్కారం. మన రైల్వే స్టేషన్లలో ఈ భాష తెలుగులోకి దిగింది. ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామనే ప్రకటన సికింద్రాబాద్‌లోనో విజయవాడలోనో వినని తెలుగువాడు ఉండడు. అసౌకర్యం దానంతటదే 'కలిగింది', ఎవరూ కలిగించలేదు. ఇంట్లో మాట్లాడుకునే తెలుగు ఇంత మర్యాదగా తప్పించుకోదు. 'నాన్చుతున్నాడు', 'సాగదీస్తున్నారు' అని కర్తను పట్టుకుని మరీ చెప్తుంది.

కోర్టు ఇంగ్లీషు కొంత నయం. 'ఇనార్డినేట్ డిలే' అని కొలత దాటిన ఆలస్యాన్ని నిలదీస్తుంది. 'లాచెస్' అని ఒక సూత్రమే ఉంది: హక్కు ఉండి కూడా అలసత్వంతో కాలం గడిపినవాడికి కోర్టు చేయూతనివ్వకపోవచ్చు. అలసత్వం అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట అది. చార్లెస్ డికెన్స్ 1852-53లో భాగాలుగా వెలువరించిన 'బ్లీక్ హౌస్' నవలలోని జార్న్‌డైస్ దావా, ఆస్తి మొత్తం ఖర్చుల కింద కరిగిపోయాక ముగుస్తుంది. ఆ పేరు ఇప్పటికీ తెగని వ్యాజ్యానికి మారుపేరు. మన సుప్రీంకోర్టు 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో సత్వర విచారణను 21వ అధికరణ కింద హక్కుగా గుర్తించింది. బిహార్ జైళ్లలో, నేరం రుజువైతే పడే శిక్ష కన్నా ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే మగ్గినవాళ్ల సంగతి బయటపడ్డాక వచ్చిన తీర్పు అది.

తెలుగువాళ్లు ఇంగ్లీషు ఆలస్యాన్ని తెచ్చుకుని సొంతం చేసుకున్న చోట్లు కూడా ఉన్నాయి. 'సెకండాఫ్ ల్యాగ్ అయింది' అంటాడు సినిమా చూసి వచ్చినవాడు. ఇంగ్లీషులో 'ల్యాగ్' అంటే వెనకబడటం, సాగే సినిమాకు వాళ్లు 'డ్రాగ్స్' అంటారు. మనవాళ్ల ల్యాగ్ మనదే, దిద్దాల్సిన పనిలేదు. 'బ్యాక్‌లాగ్' కథ ఇంకా తమాషాగా ఉంటుంది. చలిమంట పొయ్యిలో వెనకవైపు పెట్టే పెద్ద మొద్దుకు పుట్టిన పేరు అది, తర్వాత పేరుకుపోయిన పనికి వచ్చింది. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో తప్పిన సబ్జెక్టు బ్యాక్‌లాగ్. ఆ సబ్జెక్టులన్నీ గట్టెక్కి అమెరికా చేరినవాడికి అక్కడ ఇంకో బ్యాక్‌లాగ్ ఎదురుచూస్తుంటుంది. 1990 నాటి చట్టం ప్రకారం ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ మామూలుగా 7 శాతానికి మించి దక్కవు. ఏ తేదీ దాకా వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ ప్రతి నెలా చూసుకుని 'డేట్లు కదిలాయి', 'డేట్లు వెనక్కెళ్లాయి' అని చెప్పుకోవడం డాలస్ నుంచి న్యూజెర్సీ దాకా తెలుగు ఇళ్లల్లో మామూలు మాట. తేదీ వెనక్కి నడవడానికి అమెరికా ప్రభుత్వం పెట్టిన పేరు 'రెట్రోగ్రెషన్'. ఆలస్యానికి ఇంతకన్నా చల్లని మాట ఇంగ్లీషులో నాకు కనిపించలేదు.

నిరీక్షణ ముగిసిందని చెప్పే మాటల్లోనూ తెలుగువాళ్లు తడబడతారు. 'ఫైనల్లీ', 'యాట్ లాస్ట్', 'ఈవెంచువల్లీ', 'ఇన్ ది ఎండ్' నాలుగింటికీ 'చివరికి' అని రాసి ఊరుకునే నిఘంటువులున్నాయి. 'యాట్ లాస్ట్'లో హమ్మయ్య ఉంది, దానికి సరిజోడు మన 'ఎట్టకేలకు'. 'ఈవెంచువల్లీ'లో ఆ ఊరట లేదు, ఎన్నో మలుపుల తర్వాత జరిగిందని మాత్రమే. 'నాట్ అంటిల్' అన్నది ఆలస్యాన్ని వ్యతిరేకార్థంతో చెప్పే పద్ధతి. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబర్ 1న ఏర్పడిందని చెప్పడం వేరు, 'ఇట్ వాజ్ నాట్ అంటిల్ 1953' అని మొదలుపెట్టడం వేరు. రెండో వాక్యం రాసినవాడు ఇంకా ముందే రావాల్సిందని కూడా చెప్పేశాడు. తెలుగు 'దాకా రాలేదు'లోనూ ఆ మూల్గు ఉంది.

ఇంగ్లీషు చెప్పే టీచర్లను ఒక్కటి కోరుతున్నాను. జాతీయాల జాబితా ఒక నెల పక్కన పెట్టండి. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే మన పిల్లలు 'ఐ విల్ ఫినిష్ ఇట్ అంటిల్ ఫ్రైడే' అని మెయిలు పెట్టి నవ్వులపాలవుతున్నారు. వాళ్లకు శుక్రవారం 'దాకా' అంటే 'అంటిల్', శుక్రవారాని'కల్లా' అంటే 'బై' అని చెప్పినవాళ్లు లేరు. 'ఎక్కువసేపు, చాలాసేపు', 'గంటసేపు, గంటలో', 'గా, నుంచి', 'దాకా, కల్లా' అనే ఈ నాలుగు జంటలను నల్లబల్ల మీద తెలుగులో రాసి, పక్కన ఇంగ్లీషు రాయించండి. రెండు పీరియడ్లు చాలు.